మెడ తిప్పుమన్నది

శుక్రారం పొద్దుగాల
నా పేరే నన్ను లోపలికి రానియ్యలే.
పాస్‌వర్డ్ తప్పన్నది. మళ్ల కొట్టిన. మళ్ల తప్పన్నది.
ఎనిమిదేండ్లసంది నేను కూసున్న అరుగు మీద
ఎవడో కాలు మీద కాలేసుకొని కూసున్నడు,
నా ఫొటో తొడుక్కొని.

పది కొట్టంగనే ఫోన్లు.
మునుగోడు నుంచి మేనత్త కొడుకు:
"ఏంది ముత్తిలింగం, దవఖానల ఉన్నవంట?
ఐదువేలు అడుగుతున్నవ్, దయచేసి అంటున్నవ్.
నువ్వు గాదని అప్పుడే అనుకున్న.
పుట్టినకాంచి నీ నోట్లెకెల్లి ఆ మాట ఇన్లే."
నవ్వొచ్చింది.
కరుణమ్మ టీచర్ ఫోన్‌తోటి ఆ నవ్వు ఆగింది.
ఒక్క మాట అడగకుంట పంపిందంట
పింఛన్ల నుంచి మూడువేలు.
"నీ బొమ్మ ఉన్నది గద బిడ్డా" అన్నది.
బొమ్మ నాదే. ఆకలి వాంది.

పైసలు నేను కడ్త, అది వేరే.
నా మబ్బులో?

మా మర్రిగూడ బోరు నీళ్లు సల్లగ ఉండె,
లోపట ఏమున్నదో నాలికకు తెల్వలే.
పన్నెండేండ్లకు పండ్ల మీద తుప్పు,
ముప్పైకి వెన్నుబొక్క రోకలి,
మెడ ఒక్కతాన మేకు గొట్టినట్టు.
అప్పటిసంది నేను మీదికి చూడలే.
నా కండ్లకు దొరికేటివి చెప్పులు, బకెట్లు,
ఎదుటోళ్ల అంగీ గుండీలు.

అందుకే ఫోన్ కొన్న.
కందికట్టెకు కట్టి నెత్తి మీదికి లేపుత,
చప్పుడైనంక దించుకొని చూస్త:
ఓహో, ఇయ్యాల గిట్లున్నదా.
రోజుకొకటి పెట్టిన. కింద ఒక్కటే మాట,
"మర్రిగూడ మీద ఇంత."
రెండువేల చిల్లర ఆకాశాలు
వాని చేతుల పడ్డయి.

చండూర్ బస్టాండ్ కాడ నౌషీన్ దుకాణం.
మెయిలేది అన్నది. పెట్టించిన పిలగాడు సూరత్ వోయిండన్న.
కోడ్ వొయ్యేది నా పాత నంబరుకు,
రీచార్జి లేక ఎన్నడో సచ్చిన నంబరు.
అది ఇప్పుడు కొండమల్లేపల్లిల ఎవరో ఆమెకు పుట్టింది.
ఫోన్ జేసి బతిమిలాడినం.
"ఓటీపీ కన్నతండ్రికి గూడ చెప్పొద్దన్నడు నా కొడుకు"
అని టక్కున పెట్టేసింది.
కోపమొచ్చింది గని, ఆ తల్లికి దండం.
ఆమె లెక్క నేనుంటే నా ఇల్లు పోకపోవు.

ఇగ మిగిలింది మొఖమే.
తెర మీద గుండ్రని గీత, లోపట నేను.
మెల్లగ ఎడమకు తిరగమన్నది.
తిరగలే.
కుడికన్నది. తిరగలే.
నువ్వు మనిషివేనా అన్నట్టు
మళ్ల ప్రయత్నించమన్నది.
మూడుసార్లు.
నా బొక్కల సంగతి దానికెవరు చెప్పాలె?

నౌషీన్ లేచింది.
తన చక్రాల కుర్చీల నన్ను కూసోబెట్టి
వెలుగుకు గడప కాడికి నూకింది.
"కాకా, నువ్వు కదలకు" అని
ఒక చేత ఫోన్ గట్టిగ పట్టి
ఒక చేత కుర్చీ తిప్పింది,
కుమ్మరి సారె తిప్పినంత నెమ్మదిగ,
ఎడమకు, కుడికి.
ఆఖరుకు మీదికి చూడుమన్నది తెర.
పిల్ల నా ఎనకకొచ్చి, ఫోన్ నాకిచ్చి,
కుర్చీని ఎనకకు వంచింది.

ఫోన్ అంచు దాటి,
దుకాణం రేకు దాటి,
కరెంటు తీగె మీద ఒంటి పిట్ట దాటి
అది ఉన్నది.
పదహారేండ్లకు. కట్టె లేకుంట.
చప్పుడు జేసి దించుకునేది గాదు,
ఉత్తదే.

"కాకా, అయిపోయింది, ఒప్పుకున్నది"
అంటున్నది నౌషీన్.
ఇంకొంచెం సేపు పట్టుకో బిడ్డా అన్న.

తెల్లారి తలుపు తెరుచుకున్నది.
మబ్బులన్ని ఉన్నయి, పదకొండు తక్కువ.
రెండు తాళాలు ఏసినం, ఎక్కడోడు అక్కడ బయటికి.
కాయిదం మీద రాసిచ్చిన కోడ్లు
ఏడ దాచిన్నో మీకు గూడ చెప్ప.

కరుణమ్మ టీచర్‌కు మూడువేలు కట్టిన.
ఇప్పుడు నేను మెసేజ్ పెడ్తె
ఆమె ఫోన్ జేసి ముందుగాల ఒకటి అడుగుతది:
"మూడో తరగతిల నిన్నెందుకు కొట్టిన?"
జవాబు మా ఇద్దరికే ఎరుక.