ముంజేతులు లెక్కలోకి రావు

కుతాయిసిలో, రియోని వంతెనకి ఇవతల,
మట్టి గాబులాంటి పొయ్యిలోకి నడుం దాకా వంగి
గోడకి రొట్టెలు చరిచే పని నాది.
నా ముంజేతుల వెంట్రుకల్ని నిప్పే చూసుకుంటుంది.
మిగతావి నేను చూసుకుంటాను,
తెల్లవారుజామున నాలుగింటికి
పిండి కలపకముందే
అద్దానికి ముక్కు ఆనించి, పట్టకారుతో.

అందుకే మొదటిరోజు డాక్టర్ మాక్వాలా
కళ్లజోడు నెత్తిమీదికి తోసి
నా గడ్డం కింద దీపం పెడితే అక్కడ ఏమీ లేదు.
ఆవిడ చేతిలో ఒక కాగితం. దానిమీద గీతల ఆడమనిషి,
ఒంటినిండా తొమ్మిది చోట్లు,
చోటుకి సున్నా నుంచి నాలుగు.
వరసగా సున్నాలు పడ్డాయి.
"ఎప్పుడు గీసుకున్నావు తేక్లా?"
"ఇవాళే."
"నా దగ్గరికి వస్తూనా?"
"ఇల్లు ఊడ్చాకే కదండీ చుట్టాన్ని పిలుస్తాం."

నవ్వలేదావిడ. కలం మూత పెట్టింది.
గొంతు మారిందా అంది.
పాటల బృందంలో నాది ఎప్పుడూ అడుగు గొంతే అన్నాను.
ఈ వెంట్రుకలు తలుపు తట్టి వచ్చాయా,
విరగ్గొట్టుకుని వచ్చాయా?
పదిహేడో ఏట నుంచీ, అండీ. వడ్డీలాగా.
"మంచిది," అంది, ఎందుకు మంచిదో చెప్పకుండా.

నెలసరి కోసం ఎవరో రాసిచ్చిన మాత్రలు
మూణ్ణెల్లు ఆపమంది.
అవి మింగుతుంటే నెత్తురు అబద్ధం చెబుతుందట.
చివరి నాలుగు వారాలు
కత్తి, పట్టకారు, దారం, ఏదీ ముట్టొద్దంది.

ఆ నాలుగు వారాలు ముక్కు దాకా గుడ్డ కట్టుకుని రొట్టెలమ్మాను.
రోజూ రెండు రొట్టెలు కొనే జుంబేర్ తాత
"పంటి నొప్పా?" అన్నాడు.
అవునన్నాను.
మర్నాడు లవంగాలు తెచ్చాడు. ఆ తర్వాత ద్రాక్ష సారా,
పుక్కిలించి ఉమ్మెయ్యమని.
నేను ఉమ్మలేదు.

మళ్లీ అదే గది, అదే దీపం.
పై పెదవి మూడు. గడ్డం మూడు.
రొమ్ముల మధ్య ఒకటి.
బొడ్డు కింద మూడు. తొడలు రెండు.
పన్నెండు, అని పైకే చదివింది
సంతలో తూకం చదివినట్టు, జాలి లేకుండా.
ఆ జాలి లేకపోవడానికే ఆవిడ చెయ్యి ముద్దు పెట్టుకోవాలనిపించింది.
ముంజేతులు చాపాను.
"అవి లెక్కలోకి రావు" అంది.

నెత్తురు కాగితం మాత్రం అంతా బానే ఉందంది:
టెస్టోస్టిరాన్ ఒకటి పాయింట్ ఆరు, హద్దుకి లోపలే.
నా ముఖం చూసి ఆవిడ కిటికీ తెరిచింది.
వంతెన మీద ఆవులు,
రోజూలాగే, బస్సులకి అడ్డంగా పడుకుని.
"ఊళ్లో ఆవులెన్ని అన్నది కాదు ప్రశ్న.
పలుపు తెంచుకున్నవెన్ని?"
దాన్ని కట్టేసి ఉంచే మాంసకృత్తు ఒకటుందట.
నాలో అది పద్ధెనిమిదే.
కాగితం అంచున భాగహారం చేసింది:
ఎనిమిది పాయింట్ తొమ్మిది.
ఐదు దాటితే ఆగి చూస్తామంది.
థైరాయిడ్, అడ్రినల్, ఇంకేవో రెండు, కాదని కొట్టేసింది.
ఆఖరికి ఒక పేరు రాసింది.
ఏడేళ్లుగా నేను దాన్ని మురికి అనుకున్నాను.

మర్నాడు గుడ్డ లేకుండా కూచున్నాను.
జుంబేర్ తాత నా గడ్డం వైపు చూశాడు,
చూపు మార్చి రొట్టె వేడి చూశాడు.
"తగ్గిందా నొప్పి?"
"లేదు తాతా," అన్నాను, చిల్లర లెక్కపెడుతూ.
"ఏ పన్నో తెలిసింది."