ముల్లు నిలబడేదాకా

గుంటూరు, అరండల్‌పేట ఎనిమిదో లైను, మేడమీద గది.
కింద పానకాలుగారి కారం మిల్లు.
పైన నేను కార్డులు కొడతాను:
పెళ్ళివి, ఓణీలవి,
ఎండాకాలం వస్తే ఎక్కువగా పెద్దకర్మవి.

పదిహేడంగుళాల పాత మానిటర్
ఈ గదికి మారిన రోజునుంచీ వణుకుతోంది.
బిందెలో నీళ్ళు కుదుటపడకముందే తొంగిచూసిన మొహంలా
ఒక్క అక్షరమూ నిలబడదు.
లకీ ళకీ తేడా తెలీదు.
సున్నాకి అంచుండదు.
పొద్దుగూకేసరికి నా కణతల్లో
ఇంకో మిల్లు తిరుగుతుంది.

మీరావలి వచ్చాడు,
జేబులో స్క్రూడ్రైవరు, చెవిమీద బీడీ.
కేబుల్ పీకి, ఊది, మళ్ళీ బిగించాడు.
రిఫ్రెష్ రేటు డెబ్బై ఐదు పెట్టాడు, ఎనభై ఐదు పెట్టాడు,
అరవైకి దించితే వణుకు కాస్తా ఊగులాట అయింది.
స్పీకర్లు నేలమీదకి దించాం.
టేబుల్ ఫ్యాను ఆపాం.
చెమట పట్టడం తప్ప మార్పేం లేదు.
"ట్యూబే పోయుంటది మేడం.
పన్నెండొందలకి ఇంకోటుంది నాకాడ."

అప్పుడే మెట్లెక్కి వచ్చిందావిడ,
ఆయాసపడుతూ, పర్సులోంచి ఫోటో తీస్తూ.
శుక్రవారం పెద్దకర్మ, వంద కార్డులు.
స్కాన్ చేశాను.
తెరమీద చెంచయ్యగారు
తల ఆడిస్తూ వచ్చి కూర్చున్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది.
"ఫోటోకేం కాలేదమ్మా, జబ్బు మానిటర్‌ది" అన్నాను.
ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కుంది.
"ఉండనియ్. చివరి మూడేళ్ళూ ఇంతే.
గ్లాసిస్తే సగం నీళ్ళు చొక్కాకే.
మిర్చి యార్డులో కాటా వేసిన మనిషమ్మా,
ముల్లు నిలబడేదాకా
బస్తా మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు."
మీరావలి చెవిమీది బీడీ తీసి
జేబులో దాచుకున్నాడు.

కరెంటు పోయింది.
కింద మిల్లు మూలిగి మూలిగి ఆగింది.
యూపీఎస్ కుయ్ మంది.
తెర వెలుగుతూనే ఉంది,
చెంచయ్యగారు మాత్రం
ఆగిపోయారు.

కనుబొమల్లో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.
"అయ్యో" అందావిడ, తనలోనే.

మీరావలి తెరవైపు కాదు, గోడవైపు చూస్తున్నాడు.
కరెంటొచ్చాక కింద పానకాలుగారి ట్రాన్సిస్టర్ అడిగి తెచ్చి
గోడకి ఆనించి జరుపుకుంటూ పోయాడు,
డాక్టరు వీపుమీద గొట్టం జరిపినట్టు.
బల్ల వెనకకి రాగానే బొంయ్ మంది.
మిల్లు మెయిన్ తీగలు మేడెక్కేది అక్కడే.
"దీని తప్పేం లేదు మేడం,
పొరుగు మంచిది కాదు."

బల్ల ఈడ్చి ఎదురుగోడకి చేర్చాం. ఆరడుగులు.
నూటయాభై పుచ్చుకున్నాడు.
అమ్మలేకపోయిన మానిటర్ ఊసెత్తలేదు.

మర్నాడు ప్రూఫు చూసుకోడానికి వచ్చిందావిడ.
ఇప్పుడు కిటికీ ఎండ తెరమీద పడుతోంది, అదో గొడవ,
క్యాలెండర్ అట్ట అడ్డం పెట్టాను.
మిల్లు జోరుమీదుంది. ఘాటుకి ఇద్దరం తుమ్మాం.

"ఇవాళ కుదురుగా ఉన్నాడే" అంది.
మెచ్చుకుందో,
దేన్నో వెతుక్కుందో.

తర్వాత కళ్ళజోడు సవరించుకుని
"గొల్లమూడి కాదమ్మా, గోళ్ళమూడి.
గోకి దీర్ఘం, ళకి ళ వత్తు."
నిన్న నాకు కనపడలేదది.
దిద్దాను.
పేరుకింద తెరమీద ఆనించిన ఆవిడ వేలు
కొంచెంగా వణుకుతోంది.

ఆగిందాకా ఆగి
ప్రింటు కొట్టాను.