వేలిమందం

పాలకొండ కచేరీ వరండాలో
నన్ను గొంతుక్కూసోబెట్టి అడుగుతున్నారు:
బల్లేలు ఎన్ని సేసినావు? ఎవరెవరికిచ్చినావు?

బల్లేల మాట తరవాత బాబూ.
ముందు కుంచం మాట సెప్పనియ్యండి.

మూడేళ్ల కిందట, ఏరువాక ఎల్లిన మర్నాడు
దివాణం గుమాస్తా వొచ్చి
పాత ఇనప కుంచం నా కొలిమి ముందర దించినాడు.
"పోలాసారీ, మూతికి పట్టీ ఏసి ఎత్తు పెంచు.
వేలిమందం సాలు."
ఎందుకని అడగనేదు.
తమరి వేలా, నా వేలా అని మాత్రం అడిగినాను.
నవ్వినాడు.
నాది లావు. నాదే పెట్టి కొలిసినాను.
కూలి కుంచెడు సోళ్లు,
పట్టీ ఎయ్యకముందే కొలిసి ఇచ్చినాడు.

ఆ వేలిమందంలో
కంచరవలస మూడు పంటలు మునిగిపోనాయి.
ముగడ సూరీడమ్మ కళ్లంలో కొలత అయ్యేసరికి
సేటలో తాలు మిగిలింది.
పిల్లలకి మావిడి టెంకల అంబలి కాసింది.
నా ఇంట్లో ఆ యేడు సోళ్లంబలి.
మింగినప్పుడల్లా గొంతులో ఇనుము తగిలీది.

ఒక రేతిరి ఆవిడే వొచ్చింది,
కొండ దిగిన సవర కుర్రోడు సోమన్నని ఎంటబెట్టుకొని.
కళ్లంలోంచి ఎత్తుకొచ్చిన కుంచం
కోక సెరుగులోంచి తీసి దాగలి మీద బోర్లించింది.
"ఇది నువ్వేసిన పట్టీయే గదా, మావా."
కోపం నేదు ఆ గొంతులో.
అందుకే భయమేసింది.

తెల్లారే దాకా తిత్తి తనే ఊదింది.
పట్టీ ఊడదీసి సాగ్గొడితే
ఒక్క మొన వొచ్చింది.
మిగతా వాటికి ఊరు ఊరంతా
నాగటి కర్రులు తెచ్చి పడేసింది.
ఎన్నంటే ఎలా సెప్పను?
ఆ యేడు సాలు తోలని నాగళ్లు లెక్కెట్టుకోండి.

సిపాయిలు దిగిన పొద్దు
నాగావళి వరద మీదుంది.
తుపాకి మోతకి కొంగలు లేసినాయి,
కాసేపటికి మళ్లీ వాలినాయి.
సోమన్న మాత్రం లేవనేదు.
సూరీడమ్మ ఎటెల్లిందో నాను సూడనేదు.
సూసినా సెప్పడని మీ పుస్తకంలో ఎక్కించండి.

ఇప్పుడు దొర నన్నే సంకెళ్లు సెయ్యమంటన్నాడు,
పట్టుబడినోళ్లకి పదకొండు జతలు.
కొలతెంత అనడిగితే
మణికట్టుకి వేలిమందం ఒదులు అన్నాడు.

ఇదిగో బాబూ, ఆ వేలు.
నిన్న రేతిరి మీ కొట్లోనే
తలుపు సందున పెట్టి నలగ్గొట్టుకున్నాను.
ఇంక దీంతో ఏదీ కొలవనేను.

తమరి వేలెట్టి కొలుసుకోండి.