ఒకే ఈత

సైనిక్‌పురిలో మా బోర్డింగ్ షెడ్డుకి
దసరా సెలవుల్లో ఒకే ఈత పిల్లలు రెండొచ్చాయి.
కాగితంలో రాసుంది: తోడేలు పావు వంతు, మిగతాది కుక్క.
ఎవరు కొలిచారో, ఏ సోలతో కొలిచారో.

కొంపల్లి నుంచి వచ్చినవాడు రాకెట్.
గేట్లోనే నా చెప్పు కరుచుకుని తోకాడించాడు.
బిర్యానీ తెచ్చిన కుర్రాడి ముందు
పొర్లి పొట్ట చూపించాడు.
"కాపలాకని లక్షన్నర పోశానమ్మా,
దొంగొస్తే మంచినీళ్లిచ్చేట్టున్నాడు"
ఫోన్లో చక్రపాణి సారు నిట్టూర్పు.

యాప్రాల్ నిలోఫర్ గారిది గుగ్గిలం.
మొరగదు.
మూడ్రోజులు గోడకి వీపానించి
నా మోచేతి దాకా చూసింది, కళ్లలోకి రాలేదు.
కొత్త ఎర్ర బకెట్ పెడితే
పొద్దంతా దానికి ఆమడ దూరంలో తిరిగింది.
సొట్టల పాతది తెచ్చాకే నీళ్లు ముట్టింది.
గడియ మాత్రం, నేను తీస్తుంటే రెండుసార్లు చూసి
మూడోసారి తనే తీసేసుకుంది.
తాళం కొన్నాను.

"పొగరు దీనికి" అన్నాడు మా ఆయన.
కాదన్నాను. మరేమిటో నాకూ తెలీదు.
బెండకాయలు తరుగుతూ మా అత్తగారు,
"ఒకే పిండి కదే,
ఒక అట్టు లేస్తుంది, ఒకటి పెనానికి అంటుకుంటుంది."

అయిదో రాత్రి
అమ్ముగూడ పట్టాల మీద గూడ్సు కూసింది.
గుగ్గిలం మెడెత్తింది.
సన్నగా మొదలై, సాగి, వంగి,
నీళ్ల ట్యాంకులన్నీ దాటిపోయింది ఆ ఊళ.
వీధి కుక్కలు గప్‌చుప్.
నిద్రలోంచి లేచిన రాకెట్
జవాబివ్వబోయి
సగం మొరిగి, సగం ఊళేసి,
గొంతు పగిలి నావైపు చూశాడు,
తప్పు చేసిన బళ్లో పిల్లాడిలా.
నవ్వొచ్చింది నాకు.

తెల్లారి నవ్వు రాలేదు.
పక్కింటి నాటుకోడి గోడ దిగింది.
గుగ్గిలం ఒక చెవి తిప్పి, మళ్లీ పడుకుంది.
రాకెట్ తోక ఆగింది.
నేల మీద పొట్ట ఆనించి,
ఒక్క చప్పుడు లేకుండా,
ఎవరూ నేర్పని నడక నడిచాడు.
"రాకెట్" అన్నాను. ఆ పేరు వాడిది కానట్టే వెళ్లాడు.
తర్వాత ఈకల మూతితో వచ్చి
నా అరచెయ్యి నాకాడు, ఎప్పట్లాగే, ప్రేమగా.

ఆ పావు వంతు ఏ మూల ఉందో
వెతికే పని నాది కాదు.
చక్రపాణి సారు బిల్లులో
ఏడు రోజుల తిండి కింద
"కోడిపెట్ట: ఆరువందలు" అని రాశాను.

కారెక్కబోతూ గుగ్గిలం వెనక్కొచ్చింది.
నా మణికట్టుకి ముక్కు ఆనించి,
అంతే,
ఎర్ర బకెట్‌ని చుట్టి వెళ్లిపోయింది.