కాసిని

కోతకి పది రోజుల ముందు నుంచీ
దీనికి ఎండ చూపించకూడదు.
బయటి ఆకుల్ని పైకి దువ్వి, జడకి ముడేసినట్టు
రబ్బరు బ్యాండు వేస్తాను.
తడి ఉంటే కట్టకూడదు, ఆరనివ్వాలి,
లేకపోతే లోపలి మొగ్గ చప్పుడు లేకుండా కుళ్ళుతుంది.
హొసకోట షెడ్డులో నూట నలభై ముడులు,
పొద్దున పదిలోపు.

పేరు మాత్రం ఎండైవ్.
ఎండ తగలకూడనిదానికి
పేరులోనే ఎండ ఎందుకు పెట్టారని అడిగితే
సూపర్‌వైజర్ మంజప్ప తల గోక్కున్నాడు.
విత్తనాల ప్యాకెట్టు మీద అలాగే ఉందట.

శనివారం క్రేట్లతో రసెల్ మార్కెట్‌కి నేనూ వెళ్తాను.
ఇందిరానగర్ హోటల్లో వంటచేసే మంగళూరు కుర్రాడు
‘ఆన్‌దీవ్’ అంటాడు, సగం మాట ముక్కుతో.
చింపిరి అంచులది ఫ్రిజే,
వెడల్పాకుది ఎస్కరోల్,
రెండూ ఒక తల్లి పిల్లలేనట.
నేను తలూపుతాను. నాకు తెలిసింది తూకం.

పక్క కొట్టు ఖైరున్నిసా బీ ఒక ఆకు తుంచి నమిలి
‘అరె, ఇది కాస్నీ వాసన!’ అంది.
వాళ్ళ నాన్న యునానీ దుకాణంలో
సీసాల నిండా కాస్నీ అర్కు ఉండేదట, కాలేయానికి.
అరబ్బీలో హిందబా అంటారట.
‘చూశావా, అందులో హింద్ ఉంది’ అని మురిసిపోయింది.
ఇంటిపేరు కలిసిందని
ముక్కూమొహం తెలియనివాళ్ళకి కాఫీ ఇస్తామే, అలా.

కాఫీ అంటే గుర్తొచ్చింది.
సందు చివర పొడి పట్టే తంగరాజ్
‘మేం కలిపే చికోరీ
నీ ఆకుకి పినతల్లి కూతురి వేరమ్మా’ అన్నాడు.
మరి ఆకుని మీరేమంటారంటే
మర ఆపకుండానే అరిచాడు:
కాసినిక్కీరై.

కాసిని.

చేతిలో చిల్లర లెక్క తప్పింది.
మిల్లు పనికొచ్చిన తాత వెనకాలే
చేబ్రోలు నుంచి ఈ ఊరొచ్చిన మా అమ్మమ్మ
నలభై ఏళ్ళు ఇక్కడే ఉండి కన్నడం నేర్వలేదు.
కాసిని నీళ్ళు పొయ్యవే,
కాసిని మెతుకులు చాల్లే,
ఆ కాసిని డబ్బులూ కొంగుకి కట్టుకో.
బోలెడు అన్న మాట ఆమె నోట విన్న గుర్తు లేదు.

సాయంత్రం అమ్ముడుపోనివి రెండు మిగిలాయి.
బస్సులో చూసుకున్నాను,
బ్యాండ్లు తీసేసిన చోట నా ముంజెయ్యి కూడా
గాజంత మేర తెల్లగా ఉంది.

ఇంటికొచ్చి కందిపప్పులో వేశాను.
చేదు.
చింతపండు వేశాను, ఇంకా చేదే,
కానీ మింగాక నాలుక మీద
ఏదో మంచిమాట అనబోయి ఆగినట్టుంది.

‘ఇవాళేం పప్పమ్మా?’ అంది చిన్నది.
‘కాసిని పప్పు.’
మూత తీసి తొంగిచూసింది.
‘కాసిని ఏంటీ,
గిన్నె నిండా ఉంది కదా!’