మత్రాలో ఒక కుర్చీ

పొద్దున్నే ఇద్దరి పళ్ళసెట్లూ కడిగి
ఏది ఎవరిదో తడబడతాను.
జువేనాకు తొంభై ఆరు, నస్రాకు తొంభై మూడు.
"చిన్నదానివి, ఆగు" అంటుంది పెద్దావిడ ఇప్పటికీ,
కహ్వా ముందు తనకే పొయ్యమని.

కిటికీ అవతల మత్రా రేవు,
ఉప్పుగాలి, ఎవరింట్లోదో లుబాన్ పొగ.
జాంజిబార్ ఓడ దిగిన రోజు
ఈ గట్టు మీదే ఎవడో అడిగాడట,
"మీ యజమాని ఎవరు?" అని.
ఇద్దరూ వెనక్కి తిరిగి చూసుకున్నారట,
నిజంగా ఎవరైనా ఉన్నారేమోనని.
ఇప్పుడు నవ్వుతూ చెబుతారు.
ఆ రోజు నవ్వలేదని
నస్రా దవడ చెబుతుంది.

జువేనా చదువుకున్న నర్సు.
ఒక పెద్దింట్లో
"ఆ నల్లచేత్తో బిడ్డని ముట్టుకోవద్దు" అన్నారు.
ఆ మాట బిడ్డకేం తెలుసు,
ఎదురుకాళ్ళతో ఆ చేతుల్లోకే వచ్చి పడింది.
ఇప్పుడు బట్టతల పెద్దమనిషై
పండక్కి వచ్చి ఆవిడ నుదుటిని ముద్దాడతాడు.
వెళ్ళాక నన్నడుగుతుంది, "ఎవరు వాడు?
ఎన్ని కాళ్ళు పట్టి లాగానో,
మొహాలెక్కడ గుర్తుంటాయి!"

నస్రాది రేవు ఆఫీసులో లెక్కల పని.
మొదటిరోజే టీ పళ్ళెం చేతికిచ్చారు.
కింద పెట్టి, పద్దుల పుస్తకం అడిగింది.
పుస్తకం ఇచ్చారు. కుర్చీ ఇవ్వలేదు.
పదకొండు రోజులు నిలబడే కూడికలు వేసి
పన్నెండోనాడు ఇంట్లో కుర్చీని నెత్తినెట్టుకుని
చేపల బజారు మధ్య నుంచి నడిచింది.
ఇరవై ఆరేళ్ళు అందులోనే.
ఆఫీసు టీ మాత్రం ఒక్క గుక్క తాగలేదు.

నేను రాజోలు పక్కన పేటలో పుట్టిన సువార్తని.
"నలుపు నారాయణుడు మెచ్చు" అనేది మా పంతులమ్మ,
అంటూనే వెనక బెంచీ చూపించేది.
వచ్చీరాని అరబ్బీలో ఆ సామెత చెప్పానొకసారి.
"ఆయన మెచ్చుకోలు సరే, నీ జీతమెంత?" అంది నస్రా.

కాయితం తెప్పించింది.
కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు పెట్టుకుని
నా పధ్నాలుగు నెలల్నీ కూడింది, తీసేసింది.
ఏజెంటు మింగినవి నూట ఎనభై రియాళ్ళు.

ఫోను తీశాను. అలవాటుగా గోడవారన నిలబడ్డాను.
కర్రతో కుర్చీ వైపు చూపించింది.
ఒక కాలు పొట్టి దానికి, కింద అట్టముక్క.
వద్దని దణ్ణం పెట్టాను.
పక్కగదిలోంచి జువేనా కేక,
"కూర్చోమను దాన్ని! నా కహ్వా చల్లారిపోతోంది!"

కూర్చున్నాను.
కిర్రుమంది.
అవతల ఏజెంటు "హలో, ఎవరే?" అంటున్నాడు.

"సువార్త గారు" అన్నాను.