చల్లని వెలుగు

కపుస్కేసింగ్ దాటాక
ఈ రోడ్డుకి నేనొక్కడినే గిరాకీ.
పాత బల్బులది పల్చటి టీ రంగు,
పది గీతల దూరం పోసేసరికి
అయిపోయేది.

పోయిన నవంబర్లో
నాలుగు చెట్లు రోడ్డు దాటుతున్నాయనుకున్నా.
కాళ్లవి. మూస్ దుప్పివి.
దాని కళ్లు నా లైట్లకి పైనెక్కడో ఉండిపోయాయి,
మెరవనే లేదు.
బ్రేకు మీద లేచి నిలబడి
వెనకున్న ముప్పై టన్నుల దుంగల్ని
బతిమాలుకున్నా.

శనివారం ఓడీల్ కొత్తవి బిగించింది.
షట్టర్ మీద సుద్దగీత గీసి
"ఇది దాటి పైకెక్కిందా,
ఎదుటివాడి కళ్లలో కారం కొట్టినట్టే" అంది.

ఆ రాత్రి
స్ప్రూస్ ఆకులు సూది సూదీ లెక్కపెట్టొచ్చు.
మంచు మొదలయ్యాక తెలిసింది,
ఇవి వేడెక్కవని.
పాతవి గుడ్డివే గానీ
మీద పడ్డ మంచుని
తామే కరిగించుకునేవి.

ఓడీల్‌ని తిడదామంటే
హర్స్ట్ దాకా సిగ్నల్ లేదు.

గంటకోసారి ఆగుతున్నా.
తొడుగు తీసి, అద్దం మీద
అరచెయ్యి వేసి ఉంచుతున్నా,
జ్వరం చూస్తున్నట్టు.
వెలుగు
ముందు నా వేళ్లలో ఎర్రగా,
ఆ తర్వాతే రోడ్డు మీదికి.